సింహాద్రి చెప్పిన అకౌంట్స్

“డెబిట్ అంటే ఏమిటి?” అన్నాడు మేనేజరు అర్జునరావు, తలెత్తకుండానే.

సింహాద్రి బల్లవైపు చూశాడు. అమెరికా యూనివర్సిటీ ఒకటి ఆన్‌లైన్లో నడిపే అకౌంటింగ్ కోర్సు అతను పాసైనట్టు రంగురంగుల సర్టిఫికెట్ బల్లమీద మెరుస్తోంది. అందులో పేరు సింహాద్రిదే. మార్కులు మాత్రం అతని బావమరిది గురువులు అనే కుర్రాడివి. బీకాం చదివి ఖాళీగా తిరుగుతున్న గురువులు వారం వారం నెట్ సెంటర్లో కూర్చుని, సింహాద్రి పేరుమీద పాఠాలు విని, సింహాద్రి పేరుమీద పరీక్షలు రాసి, సింహాద్రి డబ్బుతో బిర్యానీలు తిన్నాడు. పాసైతే పోర్టు గోడౌన్లో షిఫ్టు ఇన్‌చార్జిని చేస్తామని కంపెనీ మాటిచ్చింది. అంతా సాఫీగా సాగిందనుకుంటున్న వేళ ఎండీ గారికి ఏదో అనుమానం వచ్చి, పెద్దా చిన్నా తేడా లేకుండా సర్టిఫికెట్ తెచ్చిన ప్రతివాణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగమన్నారు. దొంగ చదువని తేలితే ఇన్‌చార్జి మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

“అడిగింది వినపడిందా?”

“ఇనబడింది సార్. డెబిట్ అంటే... సేతిలోంచి ఎల్లిపోయింది. క్రెడిట్ అంటే ఇంకా ఎల్లిపోవాల్సింది.”

చెప్పాక అతనికే సిగ్గేసింది. అర్జునరావు నవ్వలేదు, కోప్పడనూ లేదు. డైరీ తెరిచి ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.

ఈ మేనేజరు సంగతి వన్ టౌన్ ఆఫీసులో అందరికీ తెలుసు. నోటితో ఒక్క తిట్టు తిట్టడు, కాగితం మీద ముంచుతాడు. పోయినేడు వాచ్‌మన్ అబ్బులు డ్యూటీలో నిద్రపోతే లేపలేదు సరికదా, గురక ఎన్ని గంటలకు మొదలైందో టైముతో సహా రాసి మెమో చేతిలో పెట్టాడు.

“డిప్రిసియేషన్?”

“అంటే... కొత్త బోటు కొన్న ఏడు మా మావ అడక్కపోయినా అందరికీ సూపించీవోడండి. రెండో ఏడు అడిగినోడికే సూపించినాడు. మూడో ఏడు అడిగినా మాట మార్సీసినాడు. ఆ సిగ్గేనండి డిప్రిసియేషన్.”

“సిగ్గు,” అంటూ రాసుకున్నాడు అర్జునరావు. “నెమ్మదిగా చెప్పు. ఎన్నో ఏడు మాట మార్చాడు?”

“మూడో ఏడండి.”

అదీ రాసుకుని కింద గీత గీశాడు.

గదిలో ఏసీ గర్రుమంటున్నా సింహాద్రి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కిటికీ అవతల ఏదో ఓడ కూత పెట్టింది. దానిలో ఎక్కి పారిపోతే బాగుండుననిపించింది, బొగ్గు ఓడైనా పర్వాలేదు. ఇంటి దగ్గర పెళ్ళాం చిట్టమ్మ అప్పుడే మా ఆయన ఇన్‌చార్జీ అని జాలరిపేటంతా చాటేసింది. చేపల తట్ట నెత్తిమీంచి దించకుండానే చెబుతోందట. ఆమె ముఖం తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

“ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్. తేడా చెప్పు. ఉదాహరణతో.”

నిండా మునిగినవాడికి చలేమిటి అనుకున్నాడు సింహాద్రి.

“పనున్నా లేకపోయినా తప్పంది ఫిక్సుడండి. మన టీ ఖర్సు. మనిసిని బట్టి మారిపోయీది వేరియబులండి. గేటు కాడ ఇచ్చే మామూలు.”

“మామూలు... వేరియబుల్. బాగుంది. ఓవర్‌హెడ్స్?”

“పని సేసీవోడు ఒకడైతే ఆడి నెత్తిమీద కూకుని సూసీవోళ్ళు నలుగురుంటారు కదండి. ఆ నలుగురి జీతాలు.” అనేశాక, ఆ నలుగురిలో ఎదురుగా ఉన్నాయన కూడా ఒకడని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. “తమరు కాదండి!”

“మేనేజరు కాదు,” అని అది కూడా రాసుకున్నాడు అర్జునరావు. “బ్రేక్ ఈవెన్ పాయింట్?”

“లాభం, నట్టం కొట్టుకుని కొట్టుకుని ఇద్దరూ అలిసిపోయి కూకుండిపోయే సోటండి.”

పెన్ను ఆగింది. అర్జునరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. “కూర్చున్నాక ఎవరు గెలిచినట్టు?”

“ముందు లేసినోడే సార్.”

అర్జునరావు తల ఆడించి పేజీ తిప్పాడు. అంటే తప్పుల పట్టీ రెండో పేజీకి ఎక్కిందన్నమాట. సింహాద్రి ఇక తట్టుకోలేకపోయాడు. కుర్చీ వెనక్కి తన్ని లేచి, బల్ల చుట్టూ పరిగెత్తి, మేనేజరు కాళ్ళు పట్టేసుకున్నాడు.

“సాలు సార్! ఇంకేటీ రాసుకోకండి! నాకు అకౌంట్లు ఒక్క ముక్క రాదు. ఆ కోర్సు సదివింది నాను కాదు, మా బావమరిది గురువులు. ఇందాకట్నించి నాను సెప్పిందంతా నోటికొచ్చిన కూత. ఉద్యోగం మాత్రం తియ్యకండి సార్, మా సిట్టమ్మకి ముకం సూపించలేను!”

డైరీ అర్జునరావు చేతిలోంచి జారి కింద పడింది. ముఖం తెల్లగా పాలిపోయింది. కాళ్ళు విడిపించుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఎప్పుడూ పుస్తకంలోలా మాట్లాడే ఆ పెద్దమనిషి, సింహాద్రి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు.

“ఓరి నాయనా, ఆ ముక్క ముందే సెప్పి సావొచ్చు కదరా! రేపు పొద్దున్న ఎండీ గోరు నా సర్టిఫికెట్టు కూడా ముందరెట్టి ఈ ప్రశ్నలే నన్నడిగితే, ఇప్పుడు నానేటి సెప్పాల్రా!”