పియానో మూత

"పియానో వాయిస్తున్నావా, దుప్పట్లు ఉతుకుతున్నావా?"

రిహార్సల్ మధ్యలో భర్త కమాను దించాడు. మోకాళ్ల మధ్య పెద్ద వయొలిన్ లాంటి చెల్లో అలాగే ఉంది. వేదిక మీద ఇద్దరే ఉన్నారు. భార్య మీటల మీంచి చేతులు తీసింది.

"మెల్లగానే వాయిస్తున్నానండీ."

"నీ మెల్లగా ఏపాటిదో నాకు తెలీదా? నా చెల్లో మూడో వరస దాటి వినపడితే ఒట్టు."

ఇరవై ఎనిమిదేళ్లుగా వాళ్లిద్దరూ జంటగా కచేరీలు చేస్తున్నారు. మొదట్లో పత్రికలు 'ఇద్దరిదీ ఒకే ఊపిరి' అని రాశాయి. ఈ ఆరేళ్లుగా రాస్తున్నది ఒక్కటే: పియానో చెల్లోను మింగేస్తోంది. ఆ కత్తిరింపులన్నీ ఆయన చెల్లో పెట్టెలో దాచుకున్నాడు. అవసరమైనప్పుడు తీసి ఆమెకు చదివి వినిపిస్తాడు. భోజనాల దగ్గర ఎక్కువగా అవసరమవుతుంటాయి.

ఇది ఆమె ఓర్వలేనితనం అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. కాకపోతే ప్రతిసారీ మోత పెరిగేలా పియానో పైమూత పూర్తిగా ఎత్తిపెట్టడం దేనికి? ఆయనకు పేరు తెచ్చిన నెమ్మది బాణీలన్నీ కార్యక్రమంలోంచి కొట్టేయడం దేనికి? పైగా శ్రుతి చూసుకోమని మీట పదిసార్లు నొక్కి వినిపిస్తుంది, ఆయనేదో నిన్నగాక మొన్న నేర్చుకున్నట్టు.

సాయంత్రం కచేరీకి హాలు డైరెక్టర్ వస్తున్నాడు. ఆయనకు నచ్చితే వచ్చే ఏడాది పన్నెండు కచేరీలూ వీళ్లవే. నచ్చకపోతే ఈ హాల్లో ఇదే ఆఖరిది.

భర్త లేచి వెళ్లి, పియానో మూతకు ఆనించిన కర్ర తీసేశాడు. మూత దించాడు.

"ఇవాళ ఇలాగే వాయించు. ముందు ఆ నెమ్మది బాణీతో మొదలుపెడదాం."

"వద్దండీ. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

"ఏం? నా చెల్లో నలుగురి చెవిన పడుతుందనా?"

ఆమె మూత మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసి, మీటల ముందు కూర్చుంది.

కచేరీలో ఆమె ఆయన చెప్పినట్టే చేసింది. మీటలు తాకీ తాకనట్టు వాయించింది. చెల్లో ఆఖరి వరస దాకా వినపడింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఇంత నిశ్శబ్దం చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు ఆయన.

కచేరీ అవగానే డైరెక్టర్ తెర వెనక్కి వచ్చాడు. భర్త ముందుకెళ్లి చెయ్యి చాచాడు. డైరెక్టర్ ఆ చేతిని దాటుకుని వెళ్లి భార్య ముందు ఆగాడు.

"శ్రుతి తప్పిన ఆ చెల్లోను ఆరేళ్లుగా మీరెలా దాచుకొచ్చారో, ఇవాళ మూత వేశాకే తెలిసిందమ్మా."