దిగేటప్పుడు పడితే

2008లో హిందూపురంలో జరిగిన రోబో పోటీల్లో, పెనుకొండ విద్యార్థిని గ్రేస్ తయారుచేసిన రోబో ఇనుప స్తంభాన్ని అన్నిటికంటే ముందు ఎక్కింది. పైనున్న బల్బు వెలిగించింది. హాలంతా చప్పట్లు కొడుతుండగానే, కిందికి వస్తూ పట్టు జారి దబ్బున నేల మీద పడింది.

జడ్జిగా వచ్చిన లెక్చరర్ సురేంద్ర సున్నా వేశాడు.

గ్రేస్ ఆయన దగ్గరికి పరుగున వచ్చింది. "బల్బు వెలిగింది కదా సార్?"

"వెలిగిందమ్మా. దిగేటప్పుడు పడితే ఎక్కినదానికీ మార్కులుండవు. రూల్ అట్లుండాది."

"పని అయిపోయినాకనే కదా సార్ పడింది?"

"లేదమ్మా. పైకి పోయేది సగం పనే. క్షేమంగా కిందికి దిగితేనే పని అయినట్లు."

ఏడుస్తుందేమో అనుకున్నాడు. రూల్ మార్చడం తన చేతిలో లేదని నచ్చచెప్పబోయాడు. గ్రేస్ ఒక తెల్లకాగితం ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు చెప్పిన మాట దీంట్లో రాసి సంతకం పెట్టియ్యండి సార్."

"ఎందుకమ్మా? ఎవరికి చూపిస్తావు?"

"మా నాయన కాంట్రాక్టరు కింద కరెంటు పని చేస్తా ఉండె సార్. పోయిన ఎండాకాలం గోరంట్లలో స్తంభమెక్కి లైను బాగుచేసి, దిగతా దిగతా పడి చనిపోయినాడు. పని అయిపోయినాక పడినాడు, మాకు సంబంధం లేదంటాండాడు కాంట్రాక్టరు."

సురేంద్ర రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ రూలు రోబోలకే తప్ప మనుషులకు వర్తించదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.