సన్నాయి ఊదే దవడ

చీరాలలో అందరి ఇళ్లలోలాగే నాగూర్ ఇంట్లో కూడా ముఖం చూసుకునే అద్దం చర్మం కింద ఎముకను కూడా చూస్తుంది. ఒక ఉదయం అతను గడ్డం గీసుకుంటుంటే, "ఎడమవైపు కింది దవడలో కణితి పెరుగుతోంది. ఆసుపత్రికి చిత్రాలు పంపాను," అంది అద్దం. అతని భార్య మస్తాన్‌బీ చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చి అతని గడ్డం పక్కకి తిప్పి చూసింది.

ఆసుపత్రిలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్ హైమవతి ధైర్యం చెప్పింది. "క్యాన్సర్ కాదు నాగూర్ గారూ. కానీ వదిలేస్తే ఎముకను తినేస్తుంది. తీసేయాలి."

"సన్నాయి వాయించి బతికేవాణ్ణమ్మా. తీశాక ఊదగలనా?"

"అది తెలియాలంటే మీరు నా ముందు వాయించాలి."

మర్నాడు స్కానింగ్ గదిలో నాగూర్ మోహన రాగం ఎత్తుకున్నాడు. ఎదురుగా గాలిలో అతని దవడ బొమ్మే పెద్దగా వెలిగింది. ఊదేటప్పుడు ఏ కండరం బిగుస్తోందో, పెదవికి ఏ నరం వెళ్తోందో హైమవతి కళ్లారా చూసి, కోత ఎక్కడ పడాలో ఆ వెలుగులోనే గీసింది.

"ఈ నరాన్ని ముట్టుకోను. తీసిన ఎముక స్థానంలో మీ కాలి ఎముక ముక్క పెడతాను," అంది.

ఆపరేషన్ అయి, వాపు తగ్గి, డాక్టరు సరేనన్న రోజు నాగూర్ వంటింటి గుమ్మంలో కూర్చుని మళ్లీ ఊదాడు. మధ్యలో ఆగి, "ఎడమ పక్క కొంచెం గాలి పోతోంది. నాకు తప్ప ఎవరికీ తెలియదులే," అన్నాడు.

"నాకు తెలిసింది," అంది మస్తాన్‌బీ ఉల్లిపాయలు తరుగుతూ. "అయినా బాగుంది. ఆపొద్దు."