ఒక నట్టు మిగిలింది

అల్లుడి కారు షెడ్డు దాటి పది నిమిషాలైంది. మేస్త్రి చీపురు అందుకున్నాడు. రెండో ఊడ్పులోనే చీపురు ముందు ఏదో గింగిరాలు తిరిగి ఆగింది. వంగి చూశాడు. నట్టు. కొత్తది, తళతళలాడుతోంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బోల్టుకి బిగించాల్సిన నట్టు.

మేస్త్రి చీపురు అక్కడే పడేశాడు.

అల్లుడి కారు ముందు చక్రాలు తిన్నగా నిలవక టైర్లు లోపలివైపు అరిగిపోతుంటే, పొద్దుటి నుంచి తనే కూర్చుని పాత ఆర్ములు పీకి గట్టివి వేశాడు. ఎలైన్‌మెంట్ మిషన్ మీద సున్నాకి సున్నా తెచ్చాడు. అదేం గొప్ప కాదు. నట్టు లేకపోయినా బోల్టు కన్నంలో కూర్చున్నంతసేపు మిషన్ సున్నాయే చూపిస్తుంది. ఒక్క గుంటలో పడిందా, బోల్టు జారుతుంది, చక్రం తన దారి తను చూసుకుంటుంది.

బండిని జాకీల మీద నుంచి దించి ఆఖరి బిగింపు బిగించడం, బిగించిన నట్టు మీద పసుపు రంగు చుక్క పెట్టడం ఆయన పద్ధతి. సరిగ్గా ఆ వేళకే మనవరాలు వచ్చి రంగు కుంచె లాక్కుంది. తాతకి మీసాలు దిద్దింది. ఎడమపక్క బిగించాడా? చుక్క పెట్టాడా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. మీసాలు మాత్రం ఇంకా మూతి మీదే ఉన్నాయి.

ఆ కారులో కూతురు, అల్లుడు, మనవరాలు. దారంతా కొండ దిగుడు. పద్దెనిమిది మలుపులు. ఒక పక్క బండ, ఒక పక్క ఉత్త గాలి.

ఫోన్ చేశాడు. అందుబాటులో లేరంది ఒక తీయటి గొంతు. మళ్లీ చేశాడు. మళ్లీ అదే తీపి. కొండ దారిలో సిగ్నల్ ఎప్పుడు ఏడిసింది గనక!

"ఏమేవ్! నట్టు మిగిలిపోయిందే! అమ్మాయి వాళ్ల బండిది!" అని కేక పెట్టాడు.

వెనక సామాన్లగదిలో భార్య డబ్బాలు బోర్లిస్తున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. షెడ్డులో సగం పని ఆవిడదే. పానా పడితే మొగుడి కంటే ఒక చుట్టు ఎక్కువే బిగిస్తుందని పేరు.

గుమ్మానికి ఎదురుగా, బాగుచేయించుకోడానికొచ్చిన టీచరమ్మ కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. తాళం దానికే ఉంది. మేస్త్రి ఫోన్ బల్ల మీద పడేసి, నట్టు పిడికిట్లో పెట్టుకుని, ఎక్కి తోలేశాడు.

అద్దంలో భార్య కనిపించింది. చెప్పులైనా లేకుండా, రెండు చేతులూ ఊపుతూ, అరుస్తూ పరిగెత్తుకొస్తోంది. చేతిలో పానా కూడా కారు మీదకి విసిరింది.

'కన్నకడుపు కదా! తొందరగా పొమ్మంటోంది' అనుకుని మేస్త్రి ఇంకా గట్టిగా తొక్కాడు.

మూడో మలుపులో రోడ్డు మీద గాజు పెంకులు మెరిశాయి. బ్రేకు తొక్కాడు. చూస్తే పగిలిన సీసా. ఏడో మలుపులో టైర్ల గుర్తు నల్లగా అంచుదాకా పోయింది. కారు ఆపి కిందికి తొంగి చూశాడు. ముళ్లపొదలు. ఒక మేక తలెత్తి ఆయన పసుపు మీసాల వంక ఎగాదిగా చూసింది.

మళ్లీ ఎక్కాడు. కారు ఎడమకి గుంజుతోంది.

"తెలుసమ్మా. నీకూ కొత్త ఆర్ములేశాం, ఎలైన్‌మెంటు ఇంకా పెట్టలేదు. నీ వంతు రేపు. ఇవాళ్టికి నోర్మూసుకుని పద" అని స్టీరింగుని కసిరాడు.

మలుపు తిరిగినప్పుడల్లా ముందు ఎక్కడో టక్కుమంటోంది. చప్పుడు విని రోగం చెప్పే మనిషే. ఆ పూట ఆయన చెవులు ఆయన దగ్గర లేవు. 'ఎడమది ఊడితే లోయే. కుడిది ఊడితే బండ. పిల్ల వెనక సీట్లో నిద్రపోతూ ఉంటుంది' అని ఒకటే గొణుగుడు.

కొండ దిగగానే రైలు గేటు పడి ఉంది. వరసలో మూడోది అల్లుడి కారు!

మేస్త్రి దిగి పరిగెత్తాడు. నేరుగా దాని కిందికి దూరాడు.

"మావయ్యా! ఇదేంటి? రోడ్డు మీద పడుకున్నారేంటి?" అని అల్లుడు కంగారుగా దిగాడు.

కుడిపక్క నట్టు ఉంది. పసుపు చుక్క ఉంది. మేస్త్రి కళ్లు మూసుకుని ఎడమపక్కకి జరిగాడు. కళ్లు తెరిచాడు. నట్టు ఉంది. దాని మీద చుక్క. చుక్క మీద చిట్టి వేలిముద్ర.

బయటికొచ్చి రోడ్డు మీదే కూలబడి, పెద్దగా ఏడ్చేశాడు.

"తాతా, మీసాలు చెరిపేసుకుంటున్నావు!" అని మనవరాలు కోప్పడింది.

"మేం నలభై దాటితే తిడతావు. నువ్వెంత స్పీడులో వచ్చావు నాన్నా?" అంది కూతురు నీళ్లసీసా ఇస్తూ.

"అడక్కమ్మలూ. స్పీడు ముల్లు వైపు చూస్తే ఒట్టు" అంటూ పిడికిలి విప్పాడు. అరచేతిలో నట్టు ఆరు మూలలూ అచ్చు పడ్డాయి. "మరి ఇదెక్కడిది చెప్మా?"

ఇంతలో కూతురి ఫోన్ మోగింది. "అమ్మ" అంటూ స్పీకర్ నొక్కింది.

"మీ నాన్న వచ్చాడా అమ్మలూ? ఒంట్లో ప్రాణముందా?" తల్లి ఏడుస్తూ అడిగింది.

"ఎదురుగానే ఉన్నాడమ్మా. ఏడవకు. మా బండి నట్లన్నీ గట్టిగా ఉన్నాయి."

"మీ బండివి ఎందుకుండవే! ఇందాక ఆ నట్టు కోసమే నేను సామాన్లగదంతా తిరగేసింది. అది ఆయన ఎక్కిపోయిన కారుది!"