పదో మనిషి

చివరి బల్ల మీద తాతగారు మళ్లీ కునుకు తీస్తున్నారు.

లెక్చరర్‌కు ఒళ్లు మండింది. గొంతు చించుకుని కవిత్వం పాఠం చెబుతుంటే ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. ఏమడిగినా ఒక నవ్వు, అంతే.

యూనివర్సిటీలో కొత్త పద్ధతి వచ్చింది. ఇకపై పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే. పదిమంది వచ్చి కూర్చునే తరగతికి మాత్రం గది ఉంచుతారు. లేదంటే తాళమే.

ఈ గది లెక్చరర్‌కు ప్రాణం. ఒకప్పుడు ఇక్కడే, ముందు బల్ల మీద కూర్చుని, మేడం చెప్పే పాఠాలు నోరు తెరుచుకుని వినేది. మేడం పోయాక ఆ కుర్చీ ఆమెకొచ్చింది. కనబడినవాళ్లనల్లా బతిమాలితే తొమ్మిదిమంది చేరారు. ఎవరూ పిలవకుండానే పదో మనిషిగా వచ్చినవారు ఈ తాతగారు.

"తాతగారూ, ఈ కవితలో మీకేం నచ్చింది?"

పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆయన ఉలిక్కిపడి లేచి నవ్వారు.

తరగతంతా గొల్లున నవ్వింది. ఆమె నోరు జారింది.

"నిద్రపోవడానికి మీ ఇంట్లో మంచం లేదా? వెళ్లండి!" అంటూ తలుపువైపు చెయ్యి చూపించింది.

తాతగారు ఆ చెయ్యి వైపు చూశారు. బల్లను ఒకసారి తడిమి వెళ్లిపోయారు.

మర్నాడు ఆఫీసు గుమాస్తా తలలు లెక్కపెట్టడానికి వచ్చాడు.

"తొమ్మిదిమందే ఉన్నారమ్మా."

"ఇంకొకరు వస్తారండీ. కాస్త ఆగండి!"

"నా చేతుల్లో ఏముందమ్మా?" అన్నాడు పాపం.

సాయంత్రం దాకా చూసినా తాతగారు రాలేదు. గదికి తాళం పడింది.

ఆయన్ని వెంటబెట్టుకెళ్లి పెద్దల కాళ్లావేళ్లా పడదామని, చిరునామా కనుక్కుని పరుగున వెళ్లింది.

ఆయన కోడలు తలుపు తీసింది.

"మీరేనా టీచరుగారు? రండి! మా మామయ్యగారికి నిన్నటినుంచి ఒకటే సంబరం."

"సంబరమా?"

"పదిమంది కుదిరారటగా! ఇక మీరు ఇంటికెళ్లి పడుకోండని పంపించేశారట. ఆయనకు బొత్తిగా వినపడదు కదండీ, ఎదుటివాళ్ల చేతులు చూసే అర్థం చేసుకుంటారు."

ఆమె తన చేతివైపు చూసుకుంది.

లోపల తాతగారు ఆమెను చూడగానే చేత్తో గాల్లో గది గీసి, "ఉంది కదమ్మా?" అన్నారు గట్టిగా.

ఉందన్నట్టు ఆమె తల ఊపింది. ఆ మొహం చూసి లేదని ఎలా చెబుతుంది?

తాతగారు గోడవైపు తిరిగి, అక్కడి ఫొటోలో ఉన్న మేడంతో, "ఏమోయ్, విన్నావా? నీ గది నిలబడింది!" అన్నారు.