వెనక్కి పెట్టిన తేదీ

పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, పప్పు ఏరే మిషనుకు ఓ ముసలి కంప్యూటరుంది. ఈనాటి తేదీ ఉంటే, గడువు తీరిన దాని ప్రోగ్రాం తెరుచుకోదు.

"తేదీ పదేళ్లు ఎనక్కి ఎట్టీ సెల్లీ! పాతరోజులంటేనే దానికి పేణం," అని నవ్వి, సూపర్‌వైజర్ శశిధర్ టీకి వెళ్లాడు.

ప్రమోదిని ఒక్కతే మిగిలింది. వెనకాల, కిటికీ ఊచలకు కట్టిన చీర ఉయ్యాల్లో ఆమె నెలల పాప జ్వరంతో గుక్కపట్టి ఏడుస్తోంది. మందు వేసినా వేడి దిగలేదు. ఇంట్లో ఉంచి వద్దామంటే చూసుకోవడానికి అమ్మ లేదు. కూతురి పెళ్లయినా చూడకుండానే ఎనిమిదేళ్ల కిందట పోయింది.

"అయిపోనాది, ఉండమ్మా," అంటూనే తేదీ మార్చింది. మిషను గుర్రుమని కదిలింది.

పాప ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఆమె వేలు కీబోర్డు మీదే ఆగింది. పదేళ్ల కిందట ఈ పాప ఎక్కడుంది? వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

అంతలో ఉయ్యాల కిర్రుమంది. మెల్లగా, ఆగి ఆగి, చేయి తిరిగినవాళ్లెవరో ఊపుతున్నట్టు. పాప హాయిగా ఊ కొట్టింది.

"జరం దిగిపోనాదిలేవే," అంది అమ్మ గొంతు. "ఇంతకీ ఎవులి గుంటపిల్లే ఇది? అచ్చం నీ పోలికే!"