గురిగింజల బ్యాగు

"ఈ బ్యాగు ఎవరిది?" శంషాబాద్ ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో ఆఫీసరమ్మ అడిగింది.

ఎనిమిదేళ్ల హన్విక చెయ్యెత్తింది. "నాదే, ఆంటీ."

ఆఫీసరమ్మ బ్యాగు బోర్లించింది. గులకరాళ్లు, గురిగింజలు, నత్తగుల్లలు ట్రేలో గలగలా దొర్లాయి. వెనక నిలబడినవాళ్లు ఫక్కున నవ్వారు.

కళ్యాణి కూతురి మీద మండిపడింది. "మళ్ల తెచ్చినవా? రోజూ అమ్మమ్మతోని వాకింగ్ పోవుడు, చెత్తంత ఏరుకొచ్చుడు! నెల నుంచి తిడుతున్న, వింటవా? పారెయ్యుండ్రి మేడం!"

హన్విక పెదవులు బిగించుకుని అమ్మమ్మ వైపు చూసింది.

"పొల్లనెందుకు తిడుతవ్ బిడ్డా?" కళ్యాణి తల్లి కౌసల్యమ్మ ముందుకొచ్చింది. "అవి నావి."

"నీవా?"

"నేను ఏరుత, అది మోస్తది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న."

"అరవై ఏండ్లకు గిదేం పనమ్మా?"

"ఆరేండ్లకే నన్ను బర్ల వెంట తోలిండ్రు. మంచి రాయి కనబడితె వంగనన్న వంగనియ్యకపోయిరి. ఇప్పుడు నన్నెవరు ఆపుతరు?"

కళ్యాణి తల్లిని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తమ ఊరు మంఖాల్ దారుల్లో వంగి వంగి రాళ్లేరుకునే ముసలామె కళ్లముందు మెదిలింది. నవ్వు పొంగుకొచ్చింది. ఆఫీసరమ్మ కూడా నవ్వేసింది. "తీసుకుపోండి, పర్లేదు."

ముగ్గురూ గబగబా ఎత్తుతుంటే ఒక గింజ కిందపడి దొర్లింది. కళ్యాణి దాని వెంట ఉరికి, బెంచీ కింద దూరి పట్టుకుంది.

"అమ్మా, తెల్ల గురిగింజనే!" అని చిన్నపిల్లలా అరిచింది. "ఇది నాది. మీ ఇద్దరికీ ఇయ్య!"